ఆయకట్టు మురుగునీరు: నదికా, ఆవిరి చెరువుకా, మళ్లీ చేనికా? ఏది మేలు?

అడవులు, గడ్డినేలల నీరు దిగే నదిలో వరదొస్తే ఉప్పు పలచబడుతుంది, ఊటనీరే మిగిలే వేసవిలో చిక్కబడుతుంది. ఆయకట్టు మురుగునీరు, అంటే చేలకు పెట్టగా మిగిలి కాలువల్లోకి దిగే ఉప్పునీరు, కలిసే నది సంగతి వేరు. పైరు నీటిని తాగి ఉప్పును నేలలోనే వదిలేస్తుంది. ఈసీ (విద్యుత్ వాహకత, నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) మీటరుకు 0.5 డెసీసీమెన్స్ ఉన్న నీటిలో లీటరుకు సుమారు 320 మిల్లీగ్రాముల ఉప్పుంటుంది. హెక్టారుకు 10,000 ఘనమీటర్లు పెడితే 3.2 టన్నుల ఉప్పు చేలో పోసినట్టే. ఆ నీటిలో ఐదింట నాలుగు వంతులు ఆవిరైపోతే మురుగు కాలువలోకి దిగే నీటి ఈసీ 2.5. అడుగున పాత ఉప్పు పొరలుంటే ఇంకా ఎక్కువ.

నదిలోకి వదలడం చవక, చేను బాగుపడుతుంది. కానీ సెకనుకు 10 ఘనమీటర్లు పారే 0.5 ఈసీ నదిలో 5 ఈసీ మురుగు ఒక్క ఘనమీటరు కలిసినా దిగువన 0.9 దాటుతుంది. 1961లో అమెరికాలోని వెల్టన్-మోహాక్ ఆయకట్టు మురుగు కొలరాడో నదిలో కలిసి మెక్సికో రైతుల పంటలను దెబ్బతీసింది. 1973 ఒప్పందం దాకా ఆ తగవు తెగలేదు. వదలక తప్పదంటే నిల్వచేసి వరద రోజుల్లోనే వదలాలి.

ఆవిరి చెరువు, అంటే మురుగును నిలవబెట్టి ఎండకు ఆవిరి చేసే చెరువు, నదిని కాపాడుతుంది, భూమిని మింగుతుంది. అడుగు గట్టిగా లేకపోతే ఉప్పు భూగర్భజలంలోకి ఇంకుతుంది. కాలిఫోర్నియాలోని కెస్టర్సన్ చెరువుల్లో మురుగుతో వచ్చిన సెలీనియం (మట్టిలో ఉండే, మోతాదు మించితే విషమయ్యే మూలకం) పేరుకుని, 1983లో పక్షి పిల్లలు వికృతాంగాలతో కనిపించాయి. సెలీనియం పరీక్ష చేయించకుండా చెరువు తవ్వడం నా దృష్టిలో తప్పే.

నా ఓటు మూడోదానికే: మురుగును తట్టుకునే పైరుకు మళ్లీ పెట్టడం. వేరు దగ్గరి మట్టిసారం (మట్టిని నీటితో బాగా తడిపి పిండిన నీరు) ఈసీ 1 దాటితే చిక్కుడు దిగుబడి తగ్గుతుంది. పత్తి 7.7 వరకు, బార్లీ 8 వరకు తట్టుకుంటాయి. ఉప్పు కడగడానికి అదనంగా పెట్టాల్సిన నీటి వాటా ఇలా లెక్కించాలి: నీటి ఈసీని, (5 × ఆ పైరు తట్టుకునే మట్టిసారం ఈసీ − నీటి ఈసీ)తో భాగించాలి. 1 ఈసీ నీటితో చిక్కుడుకు నాలుగో వంతు కావాలి, పత్తికి మూడు శాతం చాలు. మొలక దశలో మాత్రం మంచినీరే పెట్టాలి, లేకపోతే బార్లీ కూడా దెబ్బతింటుంది. సోడియం ఎక్కువైతే నేల పైన పెచ్చు కట్టి నీరు ఇంకదు. అప్పుడు జిప్సం వేయాలి.

ఇలా రెండు పైర్లు దాటాక మిగిలే నీరు కొంచెమే, చిన్న చెరువు సరిపోతుంది. ఈసీ మీటరును 1.413 ఈసీ ఉన్న ప్రామాణిక ద్రావణంతో సరిచూసుకుని, ప్రవాహం తక్కువగా ఉన్న నెలల్లో మురుగు కలిసే చోటుకు ఎగువన, దిగువన రెండుచోట్లా కొలవండి.