పనిముట్ల సంచితో రోజూ తిరిగే సైకిలుకు స్టీలు క్యారియర్: మూడేళ్లు వాడిన తర్వాత

నేను తిరుపతిలో ఇన్వర్టర్లు, యూపీఎస్‌లు బాగుచేసే పనిలో ఉన్నాను. ఉదయం బైరాగిపట్టెడలో బయలుదేరితే తిరుచానూరు, రేణిగుంట రోడ్డు, కరకంబాడి రోడ్డు, ఎక్కడి నుంచి పిలుపు వస్తే అక్కడికి సైకిలు మీదే వెళ్తాను. సాయంత్రానికి 18 నుంచి 22 కిలోమీటర్లు అవుతుంది. వెంట ఉండే సంచిలో మల్టీమీటరు, సోల్డరింగ్ ఐరన్, చిన్న డ్రిల్లు, స్పానర్లు, బ్యాటరీ యాసిడ్ చూసే హైడ్రోమీటరు, రెండు లీటర్ల డిస్టిల్డ్ వాటరు, టిఫిన్ డబ్బా ఉంటాయి. కాటా మీద పెడితే 11 కిలోలు తూగింది. ఈ బరువును వీపున వేసుకొని రెండు వేసవులు తిరిగాను. చొక్కా తడిసి ముద్దవడం ఒక ఎత్తయితే, రాత్రికి నడుము పట్టేయడం ఇంకో ఎత్తు. ఇప్పుడున్న స్టీలు క్యారియర్‌ను 2022 జూన్‌లో బిగించుకున్నాను. ఇది మూడోది, మొదటి రెండూ ఎందుకు పనికిరాకుండా పోయాయో చెబితేనే దీని విలువ తెలుస్తుంది.

మొదటిది సీటు పోస్టుకు మాత్రమే బిగించే రకం. అయిదు నిమిషాల్లో పెట్టుకోవచ్చు, తీసేయవచ్చు, చూడటానికి కూడా బాగుంటుంది. కానీ దాని బరువంతా ఒక్క బిగింపు మీద వెనక్కి వేలాడుతుంది గనుక, దాని మీద రాసి ఉన్న పరిమితి 9 కిలోలే. నా సంచి అంతకంటే ఎక్కువే కావడంతో, మలుపు తిరిగినప్పుడల్లా క్యారియర్ మొత్తం పోస్టు చుట్టూ పక్కకు తిరిగిపోయేది. రెండు పుస్తకాలు, ఒక డబ్బా తీసుకెళ్లే విద్యార్థికి అది చాలు. పనిముట్లు మోసేవారికి ఎంతమాత్రం సరిపోదు.

రెండోది అల్యూమినియం క్యారియర్. ఏ సైజు చక్రానికైనా సరిపోయేలా కాళ్లను పైకీ కిందికీ జరుపుకొనే ఏర్పాటు ఉంది. దాదాపు ఎనిమిది నెలలు మంచిగానే పనిచేసి, నవంబరు వానల్లో నీళ్లు నిండిన గుంట కనపడక చక్రం దిగినప్పుడు ఎడమ కాలు వెల్డింగ్ పక్కనే విరిగిపోయింది. ఇంటికి వచ్చి విరిగిన చోటును వెలుతురులో పెట్టి చూశాను. సగం భాగం నల్లబడి ఉంది, మిగతా సగం తళతళలాడుతోంది. అంటే బీట ఎప్పుడో మొదలై రోజూ కొంచెం కొంచెంగా లోపలికి పాకింది. గుంట కేవలం చివరి దెబ్బ వేసింది. అల్యూమినియం గుణమే అంత: చిన్న అదురు కూడా ఎన్నిసార్లు తగిలితే అన్నిసార్లు దానికి లెక్కలోకి వస్తుంది. స్టీలుకు ఒక హద్దు లోపలి అదురు లక్షసార్లు తగిలినా పెద్దగా చేటు చేయదు. పైగా అల్యూమినియం అతకాలంటే ఆర్గాన్ వెల్డింగ్ కావాలి. స్టీలుదైతే గేట్లు, గ్రిల్లులు చేసే ఏ షాపులోనైనా పావుగంటలో అతికిస్తారు. రోజూ పని మీద తిరిగేవారికి ఈ తేడా చిన్నది కాదు.

ఇప్పటి క్యారియర్ 10 మిల్లీమీటర్ల స్టీలు గొట్టంతో చేసింది, బరువు కిలోకు కొంచెం తక్కువ, మీద 25 కిలోలని ముద్రించి ఉంది. సామాన్ల క్యారియర్లకు ఐఎస్‌ఓ 11243 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఎంత బరువు మోయగలదో క్యారియర్ మీదే రాసి ఉండాలని అది చెబుతుంది. ఆ అంకె లేని సరుకును నేను కొనను. అయితే అంకె కంటే ముందు చూడవలసింది అది ఫ్రేముకు ఎక్కడ, ఎన్ని చోట్ల బిగుస్తుందన్నది. ఇది కింద వెనుక చక్రం ఇరుసు పక్కనున్న రంధ్రాలకు రెండు బోల్టులతో, పైన సీటు కిందనున్న రంధ్రాలకు రెండు బోల్టులతో నిలుస్తుంది. బరువు నేరుగా ఇరుసు దగ్గరికి దిగుతుంది కాబట్టి, లీలామహల్ కూడలిలో బస్సుల మధ్య ఆగి ఆగి నడిపేటప్పుడు కూడా వెనుక ఊగిసలాట ఉండదు. మన పాత 28 అంగుళాల సైకిళ్ల క్యారియర్లు ఇరుసు నట్టుకే బిగిసేవి. అవి బలమైనవే, కాని పంక్చరుకు చక్రం విప్పితే క్యారియర్ కూడా వదులయ్యేది. ఇందులో ఆ బాధ లేదు.

బోల్టుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నన్ను ఇబ్బంది పెట్టింది క్యారియర్ కాదు, అవే. ఇవి 5 మిల్లీమీటర్ల బోల్టులు, 4 మిల్లీమీటర్ల ఎలెన్ కీతో తిరుగుతాయి. మొదటి నెలలోనే కుడివైపు కింది బోల్టు వదులైంది. నేను గమనించలేదు, పంక్చరు వేయించుకోవడానికి ఆగినప్పుడు షాపతను వేలితో కదిపి చూపించి, “ఊగతా ఉండాది సామీ, ఇట్లే తొక్కితే లోపలే తెగిపోతాది” అన్నాడు. అప్పటి నుంచి నాలుగు బోల్టులకూ స్ప్రింగు వాషర్లు వేశాను. బోల్టు తల మీద నుంచి క్యారియర్ మీదికి గోళ్లరంగుతో ఒక గీత గీశాను. బోల్టు ఏ కొంచెం తిరిగినా ఆ గీత విడిపోయి కనిపిస్తుంది. ఇంటి ముందు సైకిలు తీసేటప్పుడు ఒక్క చూపు చాలు. ఇంకో విషయం: మడ్‌గార్డు కడ్డీ, క్యారియర్ కాలు ఒకే రంధ్రంలో వేయడానికి పొడుగు బోల్టు వాడితే, గొలుసు ఉన్న వైపు దాని కొన లోపలికి పొడుచుకు వచ్చి ఫ్రీవీలులోని చిన్న పళ్లచక్రానికి తగులుతుంది. నాకు అలాగే కటకటమని చప్పుడు వచ్చింది. కొన అరగదీయించాక పోయింది.

సంచిని పైన కట్టడం మానేసి పక్కకు వేలాడదీయడం నేను చేసిన మంచి మార్పు. పైన కట్టినప్పుడు సైకిలు దిగి పట్టుకుంటే పక్కకు లాగేది. పక్కన, కిందికి ఉన్నప్పుడు ఆ బరువు తెలియదు. పనిముట్లు ఎడమవైపు, నీళ్ల సీసా, టిఫిన్ డబ్బా కుడివైపు పెట్టి దాదాపు సమానం చేసుకుంటాను. మొదట్లో తొక్కేటప్పుడు మడమ సంచికి తగిలేది. సంచి కొక్కేలను నాలుగు వేళ్ల మందం వెనక్కి జరిపి సరిచేసుకున్నాను. మీ సైకిలు వెనుక భాగం పొట్టిదైతే, కొనే ముందే సంచి తగిలించి పెడలు తిప్పి చూడండి. రబ్బరు తాళ్లను మాత్రం నేను వద్దంటాను. మన ఎండకు ఒక్క వేసవిలో సాగుడు పోతుంది, జారిన కొక్కెం స్పోకుల్లో పడితే చక్రం అక్కడికక్కడే ఆగిపోతుంది. బకిల్ ఉన్న నైలాన్ పట్టీ వాడుతున్నాను.

లోపాలూ ఉన్నాయి. సంచి కొక్కేలు రాసుకున్న చోట రంగు లేచి మొదటి వానాకాలంలోనే తుప్పు పట్టింది. ఉప్పుకాగితంతో రుద్ది, రెడాక్సైడ్ పూసి, పాత ట్యూబు ముక్క చుట్టాను. పైభాగం వెడల్పు కేవలం 11 సెంటీమీటర్లు, అందువల్ల యూపీఎస్ పెట్టె లాంటిది నిలవదు. ఒక పలుచని ప్లైవుడ్ పలక బిగించుకోవలసి వచ్చింది. సైకిలుతో వచ్చిన ఒంటికాలి స్టాండు ఈ బరువుకు ఆగలేదు, రెండుసార్లు సైకిలు పడింది, డబుల్ స్టాండు వేయించాను. వెనుక చక్రంలో మూడేళ్లలో నాలుగు స్పోకులు తెగాయి. అందుకు క్యారియర్‌ను తప్పుపట్టను. బరువు మోసే సైకిలుకు ఆరు నెలలకోసారి బెండు తీయించాలి, గాలి నిండుగా ఉంచాలి.

డిస్కు బ్రేకు సైకిలు ఉన్నవారు ఇదే క్యారియర్ తీసుకోకూడదు, ఎడమ కాలు బ్రేకుకు అడ్డం వస్తుంది. బ్రేకును తప్పించుకుంటూ కాలు బయటికి వంగి ఉండే రకం చూడాలి. ఫ్రేముకు రంధ్రాలే లేకపోతే లోపల రబ్బరు ఉన్న పట్టీ క్లిప్పులతో బిగించవచ్చు, కానీ అప్పుడు 25 కిలోల మాట మరిచిపోయి 10 లోపే పెట్టుకోవాలి. నేను పెట్టింది 1,450 రూపాయలు. రంగుకు, పలకకు, స్టాండుకు కలిపి మరో 700 అయింది. నాలుగు బోల్టుల గీతలూ ఈ ఉదయం కూడా కలిసే ఉన్నాయి.