మా ఊరి పండక్కి ఎనిమిది పెట్టెల సైడర్, పెర్రీ: ఏది బాగుంది, ఏది కాదు

ముందే చెప్పేస్తాను, ఎనిమిదింటిలో నాకు బాగా నచ్చింది థార్న్ అనే పియర్‌తో చేసిన పెర్రీ. సైడర్ అంటే పులియబెట్టిన ఆపిల్ రసం, పెర్రీ అంటే అలాగే పియర్ రసంతో చేసేది. మేముండేది ఇంగ్లండ్‌లోని హెర్ఫర్డ్‌షైర్‌లో. ఆగస్టు చివర్లో మా ఊరి హాలు వెనక మైదానంలో జరిగిన పండక్కి సైడర్ బార్ ఏర్పాట్లు ఈసారి నాకూ ఇంకో ఇద్దరికీ అప్పగించారు. కుళాయి ఉన్న 20 లీటర్ల పెట్టెలు ఎనిమిది, అంటే దాదాపు 280 పైంట్లు (పైంటు అంటే అర లీటరు కంటే కాస్త ఎక్కువ). మేం పెట్టుకున్న షరతు ఒకటే, పండు పాతిక మైళ్ల లోపు తోటల్లో కాసినదై ఉండాలి, రసం మొత్తం ఆ పండు నుంచే పిండినదై ఉండాలి.

ఇంత పట్టుదల ఎందుకంటే ఇక్కడి నిబంధనల ప్రకారం 35 శాతం రసం ఉంటే చాలు, దాన్ని సైడర్ అని అమ్ముకోవచ్చు. ఆ రసం కూడా ఎక్కడినుంచో తెచ్చిన కాన్సన్‌ట్రేట్, అంటే నీళ్లు తీసేసి చిక్కబరిచిన రసం, అయినా ఫర్వాలేదు. చుట్టూ ఇన్ని తోటలున్న ఊళ్లో పండగ చేసుకుంటూ అలాంటిది పోయడం నాకు అస్సలు ఇష్టం లేదు. మొదట్లో ఒక హోల్‌సేల్ షాపువాళ్లు "పియర్ సైడర్ కూడా పెర్రీనే కదా" అని ఒకటి అంటగట్టబోయారు. లేబుల్ తిప్పి చూస్తే కాన్సన్‌ట్రేట్, పంచదార. వద్దని చెప్పి వచ్చేశాం. అసలు పెర్రీని పెర్రీ కోసమే పెంచే పియర్లతో చేస్తారు, మనం షాపులో కొని తినే పియర్లతో కాదు.

ఇప్పుడు రుచి సంగతి. ఇక్కడివాళ్లు టానిన్ అంటారు, మనకి దానికి ఎప్పటినుంచో మాట ఉంది, వగరు. ఉగాది పచ్చడి తిని పెరిగినవాళ్లకి ఆరు రుచుల్లో అదొకటని ఎవరూ నేర్పక్కర్లేదు. సైడర్ ఆపిల్స్‌ని పులుపు ఎంత, వగరు ఎంత అనే లెక్క మీదే నాలుగు రకాలుగా విడదీస్తారు. తీపి, పులుపు, వగరుతో తీపి, వగరుతో పులుపు. వగరు లేని సైడర్ ఆపిల్ జ్యూస్‌లా నోట్లోంచి జారిపోతుంది, రెండో గుక్క తాగాలనిపించదు. శాంపిల్స్ తాగేటప్పుడు నా కాగితం మీద వగరుకి ఒక గడి గీసుకున్నాను, మిగతా ఇద్దరూ ముందు తీపికి మార్కులు వేశారు కానీ మధ్యాహ్నానికి వాళ్లూ నా లెక్కలోకే వచ్చారు.

మొత్తం పదిహేడు శాంపిల్స్. ఒకటి నెయిల్ పాలిష్ వాసన వచ్చింది, దాన్ని అప్పుడే పక్కన పెట్టాం. ఇంకోటి మొదటి గుక్కకి చాలా బాగుంది, మింగిన పావు నిమిషానికి నోట్లో ఎలుకల బోను వాసనలా తేలింది. దీన్ని ఇక్కడ మౌస్ అంటారు. గ్లాసులో వాసన చూస్తే తెలియదు, లాలాజలం కలిశాకే బయటపడుతుంది, పైగా కొందరికి అసలు తెలియనే తెలియదు. మా ముగ్గురిలో ఒకాయన రెండు గ్లాసులు తాగి ఏం లేదన్నాడు. అందుకే శాంపిల్స్ ఒక్కరే తాగి ఆర్డర్ ఇవ్వకండి, కనీసం ముగ్గురుండాలి, ఒక్కోదానికీ అర నిమిషం ఆగాలి.

సైడర్లలో డాబినెట్ ఆపిల్ ఒక్కదానితోనే చేసినది అందరికీ చెప్పదగ్గది. పులుపు తక్కువ, వగరు మెత్తగా ఉంటుంది, కొత్తవాళ్లు కూడా మొహం చిట్లించరు. కింగ్‌స్టన్ బ్లాక్‌లో పులుపూ వగరూ రెండూ ఉంటాయి, ఇంకేదీ కలపకుండానే నిండుగా ఉంటుంది, బార్బెక్యూ పక్కన నేనైతే అదే తాగుతాను. ఫాక్స్‌వెల్ప్ మాత్రం గట్టి పులుపు, చింతకాయ తొక్కు ఇష్టపడేవాళ్లకి నచ్చుతుంది, మిగతావాళ్లకి సగం గ్లాసు చాలు. ఇంకో రెండు పెట్టెలు మీడియం బ్లెండ్‌లు, అంటే రకరకాల ఆపిల్స్ కలిపి కాస్త తీపి ఉంచినవి, ఫర్వాలేదు. అందులో ఒకటి పండగ ముందురోజుకి ఉబ్బిపోయి ఉంది. తీపి మిగిలి, పులియబెట్టే ఈస్ట్ బతికే ఉన్న సైడర్ వెచ్చగా ఉంటే మళ్లీ పులుస్తుంది, కుళాయి తిప్పగానే నురగ. మీడియం తీసుకునేటప్పుడు ఫిల్టర్ చేశారా, వేడి చేశారా, తీపి దేనితో వచ్చింది అని తప్పకుండా అడగండి. మేం అడగలేదు, పది పైంట్లు నేలపాలయ్యాయి.

పెర్రీ గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. ఒక పెర్రీ పియర్ చెట్టు కింద నిలబడి ఒకటి కొరికి చూశాను, జామపిందె కొరికినట్టు నోరంతా పట్టేసింది. అలాంటి కాయని నలగ్గొట్టి, కొన్ని రకాలైతే ఆ పిప్పిని రాత్రంతా అలాగే ఉంచి వగరు తగ్గాక పిండి, చలికాలమంతా పులియనిస్తే ఇంత సున్నితమైన పానీయం అవుతుంది. చాలామంది చిన్న తయారీదార్లు ఈస్ట్ కలపరు. మన తాటికల్లు లొట్టిలో దానంతటదే పులిసినట్టే ఇదీ, కాకపోతే కల్లుకి గంటలు పడితే దీనికి నెలలు. మే హిల్ అనే కొండ కనపడేంత దూరంలోనే మంచి పెర్రీ పియర్లు కాస్తాయని ఇక్కడి మాట. చెట్లు మూడొందల ఏళ్లు కూడా బతుకుతాయి. మచ్ మార్కల్ ఊళ్లో హెలెన్స్ మేనర్ దారి పక్కన 1710 ప్రాంతంలో నాటినవి కొన్ని ఇంకా నిలబడి ఉన్నాయి, వాటి కింద నడిస్తే తాతలు నాటిన చింతతోపు గుర్తొచ్చింది నాకు.

మేం తెచ్చిన పెర్రీలు మూడు. బ్లేక్నీ రెడ్ మెత్తగా, కాస్త తియ్యగా ఉంటుంది, సైడర్ తాగనివాళ్లకి అది పోయండి. మూర్‌క్రాఫ్ట్ నాకు కొంచెం చప్పగా అనిపించింది, ఆ ఏడాది పంట అలా ఉందేమో. థార్న్ మాత్రం నిమ్మచెక్క పిండినట్టు చురుగ్గా మొదలై, వెనక సన్నటి వగరుతో ఆగుతుంది. ఎండలో నిలబడి తాగడానికి అంతకంటే మంచిది నాకు దొరకలేదు. పంచదార వేయకుండానే పెర్రీలో తీపి మిగలడానికి కారణం సార్బిటాల్ అనే తియ్యటి పదార్థం, అది పియర్లలోనే ఉంటుంది, దాన్ని తినడం ఈస్ట్‌కి చేతకాదు. అది ఎక్కువైతే మన కడుపు కూడా ఒప్పుకోదు. "వెల్వెట్‌లా దిగి, ఉరుములా తిరిగి, మెరుపులా బయటపడుతుంది" అని ఇక్కడ ఊరికే అనలేదు. అందుకే పెర్రీని పైంట్లలో కాకుండా మూడో వంతు గ్లాసుల్లో, 189 మిల్లీలీటర్లు పోశాం. ఎక్కువ రకాలు రుచి చూడ్డానికీ అదే నయం.

ధర కొంచెం ఎక్కువే. కానీ ఏడాదికి 7,000 లీటర్ల లోపు చేసేవాళ్లకి సుంకం మినహాయింపు ఉంటుంది కాబట్టి చిన్నవాళ్ల దగ్గర నేరుగా తీసుకుంటే మరీ భారం అవ్వదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఆక్ల్ పిచర్డ్‌లో టామ్ ఆలివర్ చేసేవీ, పీటర్‌స్టోలో బ్రూమ్ ఫార్మ్ దగ్గర రాస్ ఆన్ వై కంపెనీవాళ్లవీ సీసాల్లో కొని తాగి చూడండి, ఆ తర్వాత మీ నాలుకే చెబుతుంది ఏం కావాలో.

పెట్టెలు నీడలో, తడి గోనెల కింద ఉంచండి, 12 డిగ్రీల దగ్గర ఉంటే చాలు, ఐస్ వేస్తే వాసనంతా పోతుంది. పండగ రెండో రోజు మూడింటికే థార్న్ అయిపోయింది, ఆ తర్వాత వచ్చినవాళ్లు అడుగుతూనే ఉన్నారు. వచ్చే ఏడాదికి ఆ థార్న్ చేసిన పెద్దాయన దగ్గర రెండు పెట్టెలు ఇప్పుడే చెప్పి ఉంచాను, అక్టోబరులో కాయలు ఏరడానికి రమ్మన్నాడు, వెళ్తున్నాం.