తేదీ లేని ఉగ్గు పొడి: నల్లగొండలో కొన్న అర కిలో పొట్లం గురించి

మా పాపకు ఆరు నెలలు నిండిన వారానికి, నల్లగొండలో మసాలాలు, చిరుధాన్యాలు, ఇంటి తయారీ పొడులు అమ్మే ఒక దుకాణంలో అర కిలో ఉగ్గు పొడి కొన్నాను. ధర 260 రూపాయలు. డబ్బాల్లో వచ్చే ఆహారం కన్నా మన ధాన్యాలతో చేసిందే మంచిదన్న నమ్మకం మా ఇంట్లో అందరికీ ఉంది, నాకూ ఉంది. ఆ నమ్మకం తప్పని చెప్పడం ఈ సమీక్ష ఉద్దేశం కాదు. దుకాణం పేరు రాయడం లేదు, ఎందుకంటే ఆ తర్వాత చూసిన మరో రెండు చోట్ల కూడా పొట్లాలు దాదాపు ఇలాగే ఉన్నాయి.

పొట్లం మీద తైదలు (రాగులు), బియ్యం, గోధుమలు, పెసర పప్పు, కంది పప్పు, పుట్నాలు, పల్లీలు, బాదం, జీడిపప్పు, యాలకులు అని పది పేర్లు అందంగా అచ్చు వేశారు. ధాన్యాలను మొలకెత్తించి ఆరబెట్టి పట్టించామని కింద మరో వాక్యం, వేడి నీళ్లలో కలిపి తినిపించవచ్చని ఇంకో వాక్యం ఉన్నాయి. ఎప్పుడు పట్టించారో, ఎప్పటిలోగా వాడాలో లేదు. ఆహార పదార్థాలు అమ్మేవారికి, అది చిన్న కుటీర పరిశ్రమ అయినా సరే, ఆహార భద్రతా ప్రాధికార సంస్థ (FSSAI) ఇచ్చే 14 అంకెల లైసెన్సు లేదా నమోదు సంఖ్య పొట్లం మీద ఎక్కడా కనిపించలేదు. తేదీ గురించి అడిగితే దుకాణం నడిపే పెద్దాయన నొచ్చుకోలేదు, తప్పించుకోనూ లేదు. "ఈ నెలలనే పట్టించినం బిడ్డా, మా మనవరాలికి గూడ ఇదే పెడ్తున్నం" అన్నారు. ఆయన మాటలో అబద్ధం ఉందని నేను అనుకోవడం లేదు. కానీ నేను కొన్నది ఆ నెలలో పట్టించిన పొడో, అంతకుముందు పట్టించి అరలో వెనక్కి వెళ్లిన పొట్లమో చెప్పగలిగేది తేదీ ఒక్కటే.

ఇంటికి తెచ్చి విప్పగానే వేయించిన పెసర పప్పు, యాలకుల వాసన కమ్మగా వచ్చింది. దాని వెనుకే సన్నగా మిరప ఘాటు తగిలి మా అత్తమ్మ రెండుసార్లు తుమ్మింది. "మిరపకాయలు పట్టిన గిర్నిలనే పట్టించిన్రు" అని పొడిని నోట్లో పెట్టకుండానే తేల్చేసింది. గిర్నికి వెళ్లిన అనుభవం ఉన్నవారికి ఇది వెంటనే తెలుస్తుంది: అంతకుముందు పట్టిన కారమో ధనియాలో రాళ్ల మధ్య మిగిలిపోయి తర్వాతి పిండిలో కలుస్తాయి, అందుకే మన వంతు రాగానే ముందు గుప్పెడు బియ్యం వేసి తిప్పించి ఆ పిండిని పక్కన పారబోస్తాం. పొడిని స్టీలు పళ్లెంలో పలుచగా పరిచి, ఫ్రిజ్ తలుపుకు ఉండే అయస్కాంతాన్ని పలుచని కాగితంలో చుట్టి పైపైన తిప్పి చూశాను. కాగితానికి నల్లటి సన్నని నూగు అంటుకుంది, వేలికి గరుకుగా తగిలింది. ఇనుప రజను. పరిమాణం చిటికెడు కూడా లేదు, కానీ ఏడెనిమిది కిలోల బరువుండే పసిబిడ్డ కోసమని ప్రత్యేకంగా అమ్మే పొడిలో అది ఉండకూడదు. జల్లెడ పట్టినప్పుడు సాలెగూడు పోగుల్లాంటివి కట్టిన రెండు చిన్న ఉండలు పైన మిగిలాయి. పురుగు పట్టడం మొదలైందనడానికి అది గుర్తు.

తేదీ గురించి ఇంతగా పట్టుబట్టడానికి కారణం ఈ పొడిలోని పల్లీలు, బాదం, జీడిపప్పు. నూనె గింజలు గింజగా ఉన్నంతకాలం కొంత నిలుస్తాయి, పొడి చేశాక గాలి తగిలి త్వరగా ముక్కవాసన పడతాయి. అంతకన్నా పెద్ద భయం బూజుది. మా అమ్మగారిది జడ్చర్ల. బాదేపల్లి మార్కెట్‌కు వచ్చే పల్లీ రాసులను చూస్తూ పెరిగినదాన్ని కనుక, తడిసిన కాయకూ సరిగ్గా ఎండిన కాయకూ తేడా ఏమిటో కొంత తెలుసు. సరిగ్గా ఆరని పల్లీల మీద, మొక్కజొన్నల మీద పెరిగే ఒక రకం బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది, అది కాలేయానికి హాని చేస్తుంది, వేయించినా పూర్తిగా పోదు. ముడుచుకుపోయిన గింజను, రంగు మారిన గింజను మనం చేత్తో ఏరి పారేయగలం. పొడి అయ్యాక ఏరడానికి ఏమీ మిగలదు. మొలకెత్తించిన ధాన్యాల విషయమూ ఇలాంటిదే. మొలక రావడం వల్ల జావ పలుచబడి పిల్లలకు తేలికగా ఉంటుంది, అది నిజంగా మంచి పద్ధతి. అయితే అదే తడిలో సూక్ష్మజీవులూ పెరుగుతాయి, వానాకాలంలో మేడ మీద ఆరబెట్టిన మొలకలు రెండు రోజులైనా ఎండకపోతే బూజుకు చోటిచ్చినట్టే.

ఈ కారణం వల్లనే పొట్లం మీది అన్ని లోపాల్లోకీ పెద్దది "వేడి నీళ్లలో కలిపి తినిపించవచ్చు" అన్న ఆ వాక్యం. పొడిగా ఉన్నంత మాత్రాన పిండిలో క్రిములు లేవని కాదు, తడి తగిలేదాకా నిద్రలో ఉంటాయంతే. ఫ్లాస్కులోంచి గిన్నెలో పోసిన నీళ్లు చల్లని పొడి కలవగానే ఎంత చల్లారుతాయో వేలు పెట్టి చూస్తే తెలుస్తుంది. వండే పదార్థం నడిమధ్యలో కూడా కనీసం 70 డిగ్రీల వేడి చేరాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పొడిని చల్లని నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, పొయ్యి మీద కుతకుతలాడేదాకా పది నిమిషాలు కలియబెడుతూ ఉడికించడమే సరైన పద్ధతి, మన నానమ్మలు చేసిందీ అదే. ఉడికించాక కూడా బియ్యం, ధాన్యాల్లో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు కొన్ని బతికే ఉంటాయి. జావను గది వేడిలో గంటల తరబడి ఉంచితే అవి మేల్కొని విషాన్ని తయారుచేస్తాయి, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. పొద్దున ఒకేసారి వండి మధ్యాహ్నం దాకా మూతపెట్టి ఉంచే అలవాటు మా ఇంట్లోనూ ఉండేది. ఇప్పుడు ఒక పూటకు సరిపడా మాత్రమే వండి, రెండు గంటలు దాటితే పారబోస్తున్నాం, పాప ఎంగిలి చేసిన గిన్నెలో మిగిలినది వెంటనే.

పది దినుసులు ఒకేసారి కలపడం కొనేవారికి ఆకర్షణ, మొదటిసారి తినే బిడ్డకు కాదు. ఒంటి మీద దద్దుర్లు వచ్చినా, వాంతి అయినా దేని వల్లనో తెలియదు. పల్లీలు, జీడిపప్పు ఆరు నెలల తర్వాత మెత్తగా చేసి పెట్టవచ్చు, కానీ ఒక్కొక్కటిగా, కొద్దికొద్దిగా, రెండు మూడు రోజుల తేడాతో.

బిల్లు కట్టేటప్పుడు ఆ పెద్దాయన తీపి కోసం కలపమని ఒక చిన్న తేనె సీసా కూడా చూపించారు. నల్లమల తేనె, ఏ కల్తీ లేదు అన్నారు. కల్తీ లేకపోవచ్చు. ఏడాది లోపు పిల్లలకు తేనె వద్దనడం కల్తీ వల్ల కాదు, అందులో ఉండగల, బొటులిజం అనే జబ్బు తెచ్చే బ్యాక్టీరియా బీజాల వల్ల. అవి ఇంటి పొయ్యి మీద మరిగించినా చావవు, పసిపిల్లల పేగుల్లో మొలకెత్తి నరాలను దెబ్బతీసే విషాన్ని వదులుతాయి. తేనె ఎంత అసలుదైతే అంత మంచిదన్న లెక్క ఇక్కడ పనిచేయదు.

ఇక వేడి నీళ్లంటే ఏ నీళ్లు? నల్లగొండలో ఈ ప్రశ్న మరీ ముఖ్యం. ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తొలగించే పద్ధతికి ప్రపంచమంతా మన జిల్లా పేరే పెట్టిందంటే మన బోరు నీళ్ల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. మరిగిస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరయ్యే కొద్దీ దాని సాంద్రత కొంచెం పెరుగుతుంది కూడా. తాగునీటిలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీరు దొరకనప్పుడు 1.5 దాకా అనుమతించవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతాయి. మా ఇంట్లో బోరు, నల్లా రెండూ ఉన్నాయి. పాప వంటకు నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లనే మరిగించి వాడుతున్నాం, గిన్నెలు తోమడానికే బోరు.

పోలిక కోసం మా వీధి అంగన్‌వాడీలో ఏడు నెలలు నిండాక ఇచ్చే బాలామృతం ప్యాకెట్‌ను తిప్పి చూశాను. దాని రుచి, అందులోని చక్కెర గురించి వేరే చర్చ ఉంది. తయారీ తేదీ, బ్యాచ్ సంఖ్య మాత్రం దాని మీద ఉన్నాయి.

ఐదింటికి ఒకటిన్నర ఇస్తున్నాను, ఆ ఒకటిన్నర కూడా ధాన్యాల ఎంపికకు. మిగిలిన పొడిని పాపకు పెట్టలేదు. పదిహేను రోజుల తర్వాత మళ్లీ వెళ్లి అయస్కాంతానికి చుట్టిన కాగితాన్ని చూపిస్తే, పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూసి, గిర్ని వాడిని అడుగుతానన్నారు. పోయిన వారం చూస్తే కొత్త పొట్లాల మీద పెన్నుతో తేదీ రాసి ఉంది. వేడి నీళ్ల వాక్యం అచ్చు అలాగే ఉంది. తైదలు, పెసర పప్పు మాత్రం ఆయన దగ్గరే విడిగా కొని, ఏరి, కడిగి, ఎండబెట్టి, పది రోజులకు సరిపడా ఇంట్లో మిక్సీలోనే పట్టుకుంటున్నాను.