లాడ్జి గదిలో రాత్రి పదింటికి ఆకలేస్తే: మల్టీ కెటిల్ రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, నలుగురున్న ఇంటికి దీంట్లో భోజనం వండుకోవచ్చని ఎవరైనా అంటే నమ్మకండి. లీటరున్నర గిన్నె, 600 వాట్లు, మీద గాజు మూత, గుడ్లు పెట్టుకోవడానికి ఒక చిల్లుల ప్లేటు, ముందు తిప్పుకొనే నాబ్ ఒకటి. వస్తువు అంతే. మాకు 1,200 రూపాయల లోపే వచ్చింది. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇదే గిన్నె రకరకాల పేర్లతో అమ్ముతున్నారు, పేరు కంటే లోపల గిన్నె దేంతో చేశారన్నదే చూసుకోవాలి. మాది స్టీలు. నల్లటి నాన్‌స్టిక్ పూత ఉన్నవీ వస్తాయి గానీ, పిల్లలు స్టీలు చెంచాతో గీకుతారని తెలిసి కూడా అవి కొనడం దండగ. మడత పెట్టే సిలికాన్ కెటిళ్ళు చూడ్డానికి ముద్దుగా ఉంటాయి, సంచిలో చోటు కూడా తక్కువ పడుతుంది, కానీ చాలావరకు అవి నీళ్ళు కాచుకోవడానికే, పులగం చేస్తానంటే కుదరదు.

అయినా మా ఊరు, ఒడిశాలోని బరంపురం, దాటి ఎక్కడికి బయల్దేరినా ఇప్పుడు మా ఇంట్లో బట్టల కంటే ముందు సంచిలో పడేది ఇదే. మావాడు ప్లస్ టూ, పాప తొమ్మిదో తరగతి. ఈ వయసు పిల్లల ఆకలికి వేళాపాళా ఉండదు. ఎనిమిదింటికి హోటల్లో కూర్చోబెట్టి రోటీలు, పనీరు తినిపించి గదికి తీసుకొస్తామా, పదింటికి "అమ్మా, తినడానికి ఏమైనా ఉందా" అని మొదలు. పొద్దున్నేమో మావారు ఆరింటికి సూర్యోదయం చూద్దాం రండర్రా అని దుప్పట్లు లాగుతారు, వీళ్ళు తొమ్మిదిదాకా లేవరు, లేచి మొహాలు కడుక్కునేసరికి కింద టిఫిను అయిపోయి ఉంటుంది. ఆ తర్వాత ఎవరి మీద ఎవరు అరవాలన్నదే ప్రోగ్రాం. చిన్నపిల్లలప్పుడు ఇంత గొడవ లేదు, పెట్టింది తినేవాళ్ళు, ఎత్తుకెళ్ళి కార్లో పడేస్తే సరిపోయేది.

దారింగబాడి వెళ్ళినవాళ్ళకి ఈ బాధ బాగా తెలుస్తుంది. సముద్రమట్టానికి ఇంచుమించు మూడు వేల అడుగుల ఎత్తు, సొరడా దాటి ఘాట్ రోడ్డు ఎక్కామంటే చలి మొదలు. డిసెంబరులో అయితే బరంపురం, భువనేశ్వర్ జనమంతా అక్కడే ఉంటారు. పైన్ చెట్లు, కాఫీ తోటలు, మిరియాల తీగలు అన్నీ బాగానే ఉంటాయి గానీ రాత్రి తొమ్మిది దాటితే తినడానికి దొరికేది తక్కువ. మేం దిగిన హోమ్‌స్టేలో వంటాయన ఎనిమిదిన్నరకే గిన్నెలు కడిగేసి ఇంటికెళ్ళిపోయాడు, పొయ్యి వెలిగించమని అడిగితే రేపు పొద్దున్నే అన్నారు. బయట చలి, లోపల కడుపులో ఎలుకలు. అప్పుడు పాప లేచి కెటిల్లో నీళ్ళు పోసి, మీద చిల్లుల ప్లేటు పెట్టి నాలుగు గుడ్లు పేర్చి, కింద నీళ్ళలోనే రెండు ప్యాకెట్ల నూడుల్స్ విరిచి పడేసింది. గుడ్లు ఉడికే ఆవిరికి కిటికీ అద్దం మసకబారిపోయింది. గుడ్డు చిట్లి తెల్లసొన నూడుల్స్‌లో పడింది, అది కావాలనే చేసినట్టు "ఎగ్ మ్యాగీ" అని అన్నకి అమ్మేసింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ రాత్రి మామూలుగా పావుగంటలో మరగాల్సిన నీళ్ళు అరగంట దాటినా మరగలేదు. కెటిల్ పాడైందనుకున్నాం. మావాడు వోల్టేజీ తక్కువేమో అన్నాడు, ట్యూబులైటు కూడా రెపరెపలాడుతోంది. 230 వోల్టుల దగ్గర 600 వాట్లు ఇచ్చే కాయిల్ 180 వోల్టులకి పడిపోతే 370 వాట్లు కూడా ఇవ్వదట, వోల్టేజీ కొంచెం తగ్గినా వేడి చాలా తగ్గుతుందట. మామూలుగా ఫిజిక్స్ పుస్తకం తీయమంటే తలనొప్పి అనేవాడు ఆకలి మీద లెక్క కట్టి చూపించాడు, అది నాకు బోనస్. కొండ ఊళ్ళలో, ముఖ్యంగా సాయంత్రాలు, గదిలో గీజర్ ఆపేసి కెటిల్ పెట్టుకోండి, తేడా తెలుస్తుంది.

కోరాపుట్ ప్రయాణంలో దీని అసలు బండారం బయటపడింది. బరంపురంలో రాత్రి హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పలాస, విజయనగరం, రాయగడ మీదుగా పొద్దున్నకి కోరాపుట్ చేరుస్తుంది. రాయగడ దాటాక సొరంగాలు, లోయలు, పిల్లలు ఫోన్లు పక్కన పెట్టి చూసే దారి ఏదైనా ఉందంటే ఇదే. రైల్లో మాత్రం కెటిల్ బయటకి తీయకండి. బోగీలో ఉండే ప్లగ్గులు ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల కోసం, కెటిల్ లాంటివి పెట్టడం రైల్వే నిషేధించింది, మంటలు రేగితే బోగీ మొత్తానికి ప్రమాదం. పైగా అక్కడ వచ్చేది చాలావరకు 110 వోల్టులు, పెట్టినా నీళ్ళు తొందరగా కాగవు. మా ఎదుటి సీటాయన బ్యాగులోంచి కెటిల్ తీయబోతే మావాడే ఆపాడు, ఆయన వీడివైపు అదోలా చూశాడు గానీ తిరిగి లోపల పెట్టేశాడు.

కోరాపుట్‌లో రెండు గదులు తీసుకున్నాం, పిల్లలది ఒకటి, మాది ఒకటి. ఈ వయసులో వాళ్ళకి వేరే గది ఇస్తే సగం గొడవలు తగ్గుతాయి, డబ్బు ఎక్కువైనా పర్లేదు. కెటిల్ వాళ్ళ గదిలోనే పెట్టేశాం. అక్కడి బజారులో కాలాజీరా బియ్యం కొన్నాం, సన్నగా నల్లటి పొట్టుతో జీలకర్రలా ఉండే ధాన్యం నుంచి వచ్చే బియ్యం, మంచి వాసన. కోరాపుట్ కాలాజీరాకి 2024లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఆ ప్రాంతపు సరుకే అనే ముద్ర, కూడా వచ్చింది. ఆ బియ్యంతో పప్పన్నం వండుతానని మావాడి పట్టు. కందిపప్పు నానబెట్టి, పసుపు వేసి, బియ్యం కలిపి పెట్టాడు. గంట గడిచింది. అన్నం మెత్తబడి గంజైపోయింది, కందిపప్పు మాత్రం పంటికింద రాయిలా. కుక్కరు లేకుండా కందిపప్పు ఉడకడం ఇంట్లోనే కష్టం, ఇక ఎత్తు మీద చెప్పక్కర్లేదు. మూడు వందల మీటర్లు ఎక్కినప్పుడల్లా నీళ్ళు మరిగే వేడి ఇంచుమించు ఒక డిగ్రీ తగ్గుతుంది, కోరాపుట్ దగ్గరదగ్గర తొమ్మిది వందల మీటర్లు, కాబట్టి అక్కడ 97 దగ్గరే మరిగిపోతుంది. 1,672 మీటర్ల దేవమాలి కొండ మీదైతే 94, 95 దగ్గరే. బుడగలు వస్తున్నాయి కదా అని మనం అనుకుంటాం, పప్పుకి ఆ వేడి చాలదు.

మర్నాడు పెసరపప్పుతో చేశాడు. అద్భుతం. దోరగా వేయించిన పెసరపప్పు ఇంటి దగ్గరే డబ్బాలో పోసుకొని వెళ్ళండి, బియ్యానికి సగం పప్పు, నాలుగింతల నీళ్ళు, ఉప్పు, ఇంగువ, చివర్న నెయ్యి. గిన్నె సగానికి మించి నింపొద్దు. పొంగు వస్తుంది, మూతకున్న చిన్న చిల్లులోంచి పసుపు నురగ బుసబుసమని వచ్చి పక్కల నుంచి కారి కింద ప్లాస్టిక్ అడుగుకి చేరుతుంది, అక్కడే స్విచ్చు ఉంటుంది. పొంగు మొదలవగానే నాబ్ తగ్గించి మూత ఓరగా పెట్టాలి. ఇంత చేసినా ఇద్దరికే సరిపోయింది. మేమిద్దరం కిందికెళ్ళి దాల్మా (కూరగాయలు వేసిన ఒడియా పప్పు), అన్నం తిన్నాం, పెళ్ళయిన కొత్తల్లోలాగా ఇద్దరమే ఎదురెదురుగా కూర్చొని. నాకైతే ఆ 1,200 రూపాయలు అక్కడే గిట్టుబాటైపోయాయి.

ఇంకేం బాగా వస్తాయంటే: ఉప్మా నూక ఇంటి దగ్గరే పోపుతో వేయించి పొడిగా పట్టుకెళ్తే మరిగే నీళ్ళలో పోసి అయిదు నిమిషాలు. చోడిపిండి అంబలి బ్రహ్మాండంగా వస్తుంది, కోరాపుట్ సంతల్లో మాండియా పిండి (అక్కడ చోడిపిండికి అదే పేరు) ఎక్కడైనా దొరుకుతుంది, ముందు చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలుపుకొని పోయాలి. కోరాపుట్ కాఫీపొడి మరిగించి బట్టలో వడగట్టుకోవచ్చు, పిల్లలకి ఈ మధ్య కాఫీ పిచ్చి పట్టింది. పాలు మాత్రం వద్దు. ఒక్కసారి పాలు కాస్తే అడుగంటిన వాసన రెండు రోజులు పోదు, ఆ తర్వాత కాచిన నీళ్ళన్నీ పాల నీళ్ళే. దోసె, ఆమ్లెట్ వేస్తామంటూ కొందరు వీడియోల్లో చూపిస్తారు, అది వీడియోకే.

అన్ని ఊళ్ళకీ ఇది అవసరం లేదు. పూరీ వెళ్తే గుడి ఆనందబజారులో అభడా, అంటే జగన్నాథుడి మహాప్రసాదం, ఉంటుంది, అది వదిలి గదిలో నూడుల్స్ తింటే పాపం. గోపాల్‌పూర్ మాకు పక్కూరే, పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేస్తాం. తప్తపాణికి తీసుకెళ్తుంటే పాప "అక్కడ వేడినీళ్ళ బుగ్గే ఉంది కదా, కెటిల్ ఎందుకు" అంది. నిజమే, కాకపోతే అవి గంధకం నీళ్ళు తల్లీ.

కడగడం పెద్ద తలనొప్పి. గిన్నె, అడుగు ఒకటే ముక్క కాబట్టి పంపు కింద పెట్టి తోమడం కుదరదు, కింద కరెంటు భాగానికి తడి తగలకూడదు. లాడ్జి వాష్‌బేసిన్ చిన్నగా ఉంటే వంచి పట్టుకొని మరీ కడగాలి. స్టీలు అంచుకీ ప్లాస్టిక్‌కీ మధ్య సన్నటి గాడి ఉంది, పసుపు అక్కడ చేరి పోవడం లేదు, పాత టూత్‌బ్రష్ ఒకటి దీనికే కేటాయించాం. అడుగంటితే నీళ్ళు, వంటసోడా వేసి మరిగించి వదిలేస్తే పొద్దున్నకి ఊడొస్తుంది. గిన్నె వేరుగా ఊడొచ్చే మోడళ్ళు కూడా ఉన్నాయి, ఇప్పుడు కొనాల్సి వస్తే రేటు ఎక్కువైనా అదే కొంటాను.

ఇంటి దగ్గర ఇది మావాడి చదువుకునే బల్ల మీదే ఉంటుంది. కోచింగ్ నుంచి తొమ్మిదింటికి వచ్చి, భోంచేసి, మళ్ళీ పన్నెండింటికి ఆకలి. ఇదివరకు నన్ను లేపేవాడు, ఇప్పుడు లేపడు. అరగంట వాడితే 0.3 యూనిటు, కరెంటు బిల్లులో కనపడదు కూడా. కనపడేది సింకులో తోమని గిన్నె. వండినవాళ్ళు కడగక్కర్లేదు అని వాడి రూలు, తిన్నవాళ్ళు కడగాలి అంటే తిన్నది నేనొక్కదాన్నే కాదు అని పాప వాదన. చివరికి వండినవాళ్ళు తోమాలి, తోమకపోతే మర్నాడు నాబ్ ముట్టుకోకూడదు అని మావారు తీర్పు చెప్పారు. రెండు వారాలు నడిచింది, ఆ తర్వాత సంగతి అడక్కండి. ఒకటి మాత్రం నిజం, పదిహేడేళ్ళ పిల్లాడికి పులగం, ఉప్మా, అంబలి వచ్చాయంటే నేను కూర్చోబెట్టి నేర్పినందుకు కాదు, పొయ్యి దగ్గరికి రమ్మంటే ఎప్పుడూ రాలేదు, ఈ గిన్నె అయితే వాడిది.

హాస్టల్లో వేసే పిల్లల కోసం కొనేవాళ్ళు ముందు వార్డెన్‌ని అడగండి, చాలాచోట్ల కరెంటు వస్తువులు గదిలో ఉంచనివ్వరు, దొరికితే తీసేసుకుంటారు. లాడ్జీల్లో కూడా గది తీసుకునేటప్పుడే చెప్పేస్తే మంచిది. కొందరు వద్దంటారు, వాళ్ళ గది వాళ్ళిష్టం. ఒకచోట మేనేజరు "నీళ్ళు, గుడ్లు అయితే ఓకే అండీ, చేపలు మాత్రం వండొద్దు" అన్నాడు, ఎవరో వండినట్టున్నారు పాపం. ప్లగ్గు 6 ఆంపియర్లది వచ్చేలా చూసుకోండి, పెద్ద 16 ఆంపియర్ల పిన్ను అయితే చాలా గదుల్లో గీజర్ దగ్గర తప్ప ఎక్కడా పట్టదు. ఇది లాగేది 2.6 ఆంపియర్లే, మామూలు ప్లగ్గు తట్టుకుంటుంది, కానీ పిన్ను వదులుగా ఊగుతూ చిటపటలాడుతుంటే వెంటనే తీసేసి ఇంకో ప్లగ్గు చూసుకోండి. మంచం మీద, దుప్పటి మీద పెట్టొద్దని పిల్లలకి ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

ఇద్దరికైతే కళ్ళు మూసుకొని కొనొచ్చు. నలుగురైతే దీన్ని నమ్ముకొని హోటల్ భోజనం మానేయకండి, పిల్లల రాత్రి ఆకలికీ పొద్దున కాఫీకీ ఉంచుకోండి. పదేళ్ళ లోపు పిల్లలున్నవాళ్ళు ఇప్పుడే కొనొద్దు, మరిగే నీళ్ళ గిన్నె, వేలాడే తీగ, పక్కనే మంచం, నాకైతే టెన్షన్. తీగ విడిగా ఊడొచ్చేదే తీసుకోండి, మాది ఊడొస్తుంది కాబట్టి రాత్రి పన్నెండు దాటాక అది నా దిండు కింద ఉంటుంది.