‘విను’ అని స్నేహితులు చెప్పిన ఆల్బమ్‌లు: ఏళ్లు గడిచాక నాలుగింటి మీద నా మాట

“ఇది విను, అద్భుతం” అంటూ నాకు చేరిన ఆల్బమ్‌లకు లెక్కలేదు. చాలావరకు ఒకసారి మోగి ఊరుకున్నాయి. ఏళ్ల తరబడి మళ్లీమళ్లీ పెట్టుకుంటున్నవి కొన్నే. వాటిని వరసగా చూస్తే, చెప్పినవాళ్లు చాలామంది పొగడ్త జోలికి పోలేదు. చెవి ఎక్కడ పెట్టాలో చెప్పి వదిలేశారు. ఊరికే గొప్పదనడం వీధి పేరు చెప్పి ఇంటి నంబరు మింగేయడం లాంటిది. అందుకని ఇక్కడ ఆల్బమ్‌తో పాటు దాన్ని నాకు అంటగట్టిన తీరును కూడా తూకం వేస్తాను.

మొదటిది అమెరికన్ జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’. జాజ్ అంటే బెదిరే నాకు దీన్ని ఇచ్చిన మిత్రుడు అన్నది ఇంతే: “ట్రంపెట్ సంగతి తర్వాత చూద్దువుగానీ, మొదటి ట్రాక్‌లో బాస్‌ని పట్టుకో. పల్లవి పాడేది అదే.” నిజమే. ఆ మొదటి ట్రాక్ ‘సో వాట్’లో పియానో, బాస్ (మంద్ర స్వరాల పెద్ద తంతి వాద్యం) కలిసి నెమ్మదిగా ఏదో వెతుక్కుంటున్నట్టు మొదలుపెడతాయి. ఆ తర్వాత పాల్ చేంబర్స్ బాస్ మీద బాణీ ఎత్తుకుంటాడు, ప్రతి పాదం చివరా మిగతావాళ్లు రెండు దెబ్బల్లో బదులిస్తారు. ఆ బదులు చెవికి తగిలిందంటే తాళం చేతికి చిక్కినట్టే.

కర్ణాటక సంగీతం కొంచెం తెలిసినవాళ్లకు ఇంకో దారి ఉంది. ఈ ట్రాక్ 32 బార్ల (బార్ అంటే నాలుగు దెబ్బల కొలత) చట్రం మీద తిరుగుతుంది, అంటే ఎనిమిదేసి బార్ల పాదాలు నాలుగు. మొదటి రెండు పాదాల్లో వినిపించే డోరియన్ మోడ్ (పాశ్చాత్య సంగీతంలో ఒక స్వరవరస) మన ఖరహరప్రియ స్వరాలే, గమకాలు మాత్రం ఉండవు. మూడో పాదంలో మొత్తం అర మెట్టు, అంటే ఒక స్వరస్థానం, పైకి జరుగుతుంది, నాలుగో పాదంలో మళ్లీ దిగి వస్తుంది. మెట్టు ఎక్కే ఆ క్షణం పట్టుబడితే ఒక్కొక్కరి స్వభావం బయటపడుతుంది. డేవిస్ తక్కువ స్వరాలతో, మధ్యలో బోలెడంత ఖాళీ వదిలి నడుస్తాడు. జాన్ కోల్ట్రేన్ శాక్సొఫోన్ ఆ ఖాళీని భరించలేనట్టు దూసుకెళ్తుంది. ఇంకో శాక్సొఫోన్ వాద్యకారుడు కానన్‌బాల్ ఆడర్లీ మాత్రం ఎక్కడికెళ్లినా బ్లూస్‌ను (అమెరికా నల్లజాతివారి పాటల బాణీని) వెంటేసుకునే వెళ్తాడు. నేను ఎక్కువగా వినేది ఈ మూడు స్వభావాల తేడా కోసమే, బాణీ కోసం కాదు.

1959 మార్చి 2, ఏప్రిల్ 22 తేదీల్లో న్యూయార్క్‌లోని కొలంబియా స్టూడియోలో రెండే సెషన్లలో రికార్డింగ్ అయిపోయింది. వాద్యకారుల చేతికి పూర్తి నొటేషన్ ఇవ్వలేదు, మోడ్‌ల రూపురేఖలు మాత్రం ఇచ్చారు. దీన్ని గొప్ప కోసం చెప్పుకుంటారుగానీ నాకు పనికొచ్చే సంగతి వేరే. మొదటి సెషన్ నాడు టేపు మెషీన్ కాస్త నెమ్మదిగా తిరగడంతో, ఎల్పీ (పాతకాలపు పెద్ద రికార్డు) మొదటి వైపున్న మూడు ట్రాక్‌లు దశాబ్దాల పాటు అసలు కంటే కొంచెం వేగంగా, కొంచెం హెచ్చు శ్రుతిలో వినిపించాయి. 1990లలో వచ్చిన పునర్ముద్రణల్లో సరిచేశారు. తోడుగా వేణువో వయొలినో వాయించి చూసుకునే అలవాటుంటే పాత ముద్రణ జోలికి వెళ్లకండి, శ్రుతి కలవక తలనొప్పి వస్తుంది. ఊరికే వినేవాళ్లకైతే ఇది పట్టింపే కాదు.

ఇన్నేళ్లకు తేలిన లోపం: ‘ఫ్రెడ్డీ ఫ్రీలోడర్’. మామూలు పన్నెండు బార్ల బ్లూస్. ఆ ఒక్క ట్రాక్‌కే పియానో దగ్గర బిల్ ఎవాన్స్ బదులు వింటన్ కెల్లీ కూర్చున్నాడు. ఆయన వాయింపు హుషారుగా ఉంటుంది, అందులో తప్పులేదు. కానీ తర్వాత రాబోయే ‘బ్లూ ఇన్ గ్రీన్’ మౌనానికి చెవి సిద్ధం కాకుండా పోతుంది. నేను చాలాసార్లు దాటేస్తాను. దీన్ని ఆరాధించేవాళ్లు నన్ను కోప్పడతారు, పడనివ్వండి. స్ట్రీమింగ్‌లో విస్తృత సంచికలు పెడితే ఐదో ట్రాక్ ‘ఫ్లెమెంకో స్కెచెస్’ అవగానే దాని ఇంకో టేక్ మొదలవుతుంది. ముగిసిన కచేరీని వెనక్కి లాక్కొచ్చినట్టుంటుంది, అక్కడ ఆపేయండి.

రెండోది ‘కాల్ ఆఫ్ ది వ్యాలీ’, 1967 నాటిది. సంతూర్ మీద శివకుమార్ శర్మ, వేణువు మీద హరిప్రసాద్ చౌరాసియా, గిటార్ మీద బ్రిజ్‌భూషణ్ కాబ్రా. కాశ్మీరు లోయలో ఒక పశువుల కాపరి దినచర్యను ఉదయం నుంచి రాత్రి దాకా రాగాల్లో చెప్పే ప్రయత్నం. వయొలిన్ నేర్చుకున్న ఒక అక్క దీన్ని నాకిస్తూ, “అందరూ వేణువు వెంట పడతారు తమ్ముడూ, నువ్వు గిటార్‌ని వదలకు” అంది.

ఎందుకన్నదో కొన్నాళ్లు విన్నాకగానీ అర్థం కాలేదు. సంతూర్‌లో తంతిని పుల్లలతో కొట్టి పలికిస్తారు, స్వరం పుట్టగానే సన్నగిల్లిపోతుంది. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడం దానికి సహజంగా రాదు. శివకుమార్ శర్మ ఆ లోటును తంతుల మీద పుల్లల్ని సన్నగా వణికించి పూరించుకున్నారు. కాబ్రా గిటార్‌ది దీనికి సరిగ్గా ఎదురు గుణం. ఒళ్లో పెట్టుకుని, తంతి మీద కడ్డీ జారిస్తూ వాయించేది కనుక జారుడే దాని ప్రాణం. సంతూర్ చుక్కలు పెడుతుంటే గిటార్ వాటిని గీతతో కలుపుతూ పోతుంది. వేణువు వీటి మీద ఊపిరి పోసుకుని ఎగురుతుంది కనుక మెప్పు దానికి దక్కుతుంది. గిటార్‌ను తీసేసి ఊహించుకోండి, మొత్తం చెదిరిపోతుంది.

మొదట వచ్చే అహిర్ భైరవ్ మన చక్రవాకానికి దగ్గరి చుట్టం కాబట్టి తెలుగు చెవికి పరిచయం అక్కర్లేదు. అక్కడి నుంచి నట్ భైరవ్‌కు మారినప్పుడు వెలుతురు మారినట్టు తెలుస్తుంది. భూప్ అయితే సరే, మోహనమే. ఫిర్యాదు కూడా ఉంది. రాగాన్ని తీరిగ్గా, గంటసేపు తవ్వుకుంటూ వినే అలవాటున్నవారికి ఇక్కడ ఆకలి తీరదు. ఆలాపన కుదురుకునేలోపే మానికరావు పోపట్కర్ తబలా అందుకుంటుంది, అది వేడెక్కేలోపే ట్రాక్ అయిపోతుంది. శాస్త్రీయ సంగీతాన్ని దీనితో కొలవకూడదు, కథగానే వినాలి. కథ అంటున్నాను కనుక ఇంకో మాట: తర్వాత్తర్వాత వచ్చిన సీడీల్లో అసలు ఆల్బమ్‌లో లేని భాగాలు అతికించారు. సంగీతం మంచిదే. కానీ చివరి రాగం పహాడీతో పొద్దు గడిచిపోయాక కాపరికి ఇంక పనేముంది?

మూడోది తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే దీని గురించి చెప్పేకొద్దీ వినేవాడి సరదా తగ్గుతుంది. విశ్వమోహన్ భట్, రై కూడర్ కలిసి చేసిన ‘ఎ మీటింగ్ బై ది రివర్’, 1993లో వచ్చింది. నాకు దీన్ని పొడుపుకథలా ఇచ్చారు: “రెండు గిటార్లు మోగుతాయి, ఏది ఎవరిదో కనుక్కో.” ఇద్దరూ తంతి మీద జారించేవాళ్లే కనుక అంత తేలిక కాదు. కిటుకు: భట్ వాయించే గిటార్ లాంటి మోహన వీణకు అడుగున తరబ్ తంతులు, అంటే మీటకుండానే తోడుగా మోగే తంతులు ఉంటాయి. ఒక స్వరం ఆగాక వెనక సన్నటి మోత మిగిలితే అది భట్. ఎండుగా, కొంచెం గరగరగా తెగితే కూడర్. అమెరికాలోని శాంటా బార్బరాలో ఒక చర్చిలో, ముందస్తు కసరత్తు పెద్దగా లేకుండా రికార్డ్ చేశారు. ఆ గది గాలి కూడా వినిపిస్తుంది. హెడ్‌ఫోన్స్‌లో బాగుంటుంది, ఫోన్ స్పీకర్‌లో దండగ. నాలుగే ట్రాక్‌లు, నలభై నిమిషాల్లో ముగుస్తుంది. నా అభిప్రాయంలో ఈ నాలుగు ఆల్బమ్‌లలో ఎవరికైనా భయం లేకుండా ఇవ్వదగ్గది ఇదే.

నాలుగోది నాకు తప్పు దారిలో వచ్చి కూడా నిలిచింది. జాజ్ పియానో వాద్యకారుడు కీత్ జారెట్ ‘ది కొల్న్ కాన్సర్ట్’. దీన్ని ఎవరు చెప్పినా సంగీతం గురించి చెప్పరు, పియానో గురించి చెబుతారు. 1975 జనవరి 24న జర్మనీలోని కొలోన్ ఒపెరా హౌస్‌లో ఆయన అడిగిన పియానో కాకుండా చిన్నది, పై స్వరాలు గీరుకుపోయేది, బాస్ బలహీనంగా ఉన్నది వేదిక మీద ఉంది. కచేరీ పెట్టించిన వెరా బ్రాండెస్ అప్పటికి టీనేజీ అమ్మాయి. ఆయన విసుక్కుని, చివరికి ఒప్పుకుని వాయించాడు. అదే చరిత్రకెక్కింది. ఇదంతా జరిగిందే. కానీ ఈ కథ విని కూర్చుంటే సంగీతానికి బదులు విజయగాథ వినిపిస్తుంది, ప్రతి స్వరానికీ పియానో ఎక్కడ మొరాయించిందా అని వెతుకుతాం. చాలాకాలం నేను విన్నది అలాగే.

కథ అరిగిపోయాక మిగిలింది ఎడమ చేయి. మొదటి భాగంలో దాదాపు పన్నెండు నిమిషాల సేపు రెండు కార్డ్‌ల (కలిసి మోగే స్వరాల గుంపుల) మధ్యే ఊగుతాడు. ఆ ఊపు మీద కుడి చేయి ఒకసారి పాడుతుంది, ఒకసారి తడబడుతుంది, ఉన్నట్టుండి గాస్పెల్ (నల్లజాతివారి చర్చి పాటల) లయలోకి దిగుతుంది. పై స్వరాలు బాగోని పియానో మీద మధ్య భాగాన్నే పట్టుకుని, ఒకే వరసను మళ్లీమళ్లీ తిప్పడం ఎందుకో అప్పుడు తెలుస్తుంది. అక్కడికి పియానో కథ తనంతట తానే వస్తుంది, ఎవరూ ముందు చెప్పనక్కర్లేదు. వాయిస్తూ ఆయన మూలుగుతుంటాడు, పాడుతుంటాడు. కొందరికి అది భరించరానిది. నాకు అలవాటైందిగానీ నచ్చిందని చెప్పను.

రెండో భాగం ఎల్పీ కోసం ముక్కలైంది. అందులో రెండో ముక్క నాకు ఇప్పటికీ సాగదీతే, ఆశువుగా వాయించే కచేరీలో అలాంటి చోట్లు ఉంటాయి. ఎవరికైనా దీన్ని ఇచ్చేటప్పుడు ఇప్పుడు పియానో ఊసెత్తను. మొదటి భాగం ఎడమ చేతి కోసం పూర్తిగా వినమంటాను. రెండో భాగం నడుమ విసుగొస్తే మొహమాటపడకుండా దాటేసి, చివర్లో ఏడు నిమిషాల చిన్న ముక్కకు వెళ్లమంటాను. కచేరీ మొత్తంలో అప్పటికప్పుడు పుట్టనిది, ముందే కట్టుకున్న బాణీ అదొక్కటే. తేడా చెవికి తెలుస్తుందో లేదో వాళ్లనే నాకు చెప్పమంటాను.