మెయిన్ టైటిల్ నొక్కితే సినిమా వస్తుంది, చాలావరకు

మా ఇంట్లో బ్లూరేలు, అంటే డీవీడీల తర్వాత వచ్చిన సినిమా డిస్కులు, కొనేది నేను, చూసేది నాన్న. విశాఖ స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైర్ అయ్యారు. మరిగే ఇనుము చూసి బెదరని మనిషి బ్లూరే మెనూ చూస్తే బెదిరిపోయేవారు. వెనకాల సినిమా ముక్కలు తిరుగుతుంటాయి, మ్యూజిక్ మోగుతుంటుంది, అడుగున నాలుగు చిన్న బొమ్మలుంటాయి. వాటిలో ఏది సెలెక్ట్ అయిందో కనిపెట్టాలంటే టీవీకి ముక్కు ఆనించాలి. నేనేమో రుషికొండ మీద ఆఫీసులో ఉంటాను. ఎంవీపీ కాలనీ నుంచి ఫోన్ వస్తుంది. "ఒరే, ఈ బొమ్మ తిరుగుతానే ఉందిరా, ఏటి నొక్కాలి?"

ఆ ఫోన్లు ఆగి రెండేళ్లు దాటింది. ఆపింది సింపుల్ మెనూ అనే ఒక్క సెట్టింగు. అందుకే రాస్తున్నాను. డిస్కులన్నీ పీసీ హార్డ్ డిస్కులోకి దించుకుని చూస్తాం. చూడ్డానికి వాడే ప్లేయర్ ప్రోగ్రాం పేరు చెప్పను, ఎందుకో కిందికి వెళ్తే తెలుస్తుంది. ఉచితంగా దొరికేదే. బ్లూరే ఎలా తెరవాలో చెప్పే చోట మూడు దారులుంటాయి: సినిమా నేరుగా మొదలెట్టు, డిస్కు సొంత మెనూ చూపించు, సింపుల్ మెనూ చూపించు. మూడోది పెడితే నల్లటి తెర మీద పెద్ద అక్షరాలతో మూడు వరసలు వస్తాయి. మెయిన్ టైటిల్ ప్లే చెయ్యి, అన్ని టైటిళ్లు, డిస్కు మెనూ. డిస్కులో ఉన్న ఒక్కో వీడియో ఒక టైటిల్, మెయిన్ టైటిల్ అంటే సినిమా. అంతే. నాన్న కళ్లజోడు లేకుండా కూడా మొదటి వరస నొక్కేస్తారు.

డిస్కులు హార్డ్ డిస్కులోకి ఎక్కించడానికి కారణం మాత్రం మెనూ కాదు, మా ఊరి గాలి. బీచ్ రోడ్డుకి దగ్గరలో ఉంటే ఏది తుప్పు పడుతుంది అని అడగకూడదు, ఏది పట్టదు అని అడగాలి. ఫ్యాన్ స్క్రూలు, గేటు గొళ్లెం, ఏసీ బయటి పెట్టె అయ్యాక బ్లూరే ప్లేయర్ వంతు వచ్చింది. వెనక హెచ్‌డీఎంఐ సాకెట్ పచ్చబడి, చిత్రం వచ్చి పోతూ ఉండేది. రిపేరుకి తీసుకెళ్తే ఆ కుర్రాడు మూత విప్పి చూసి, మళ్లీ మూసేసి, "సముద్రం సార్" అన్నాడు. డబ్బులు కూడా తీసుకోలేదు. హుద్‌హుద్ తుఫాను అప్పుడు, 2014 అక్టోబర్ 12న, కిటికీ అద్దం పగిలి ఒక అర మొత్తం డీవీడీలు తడిసి పోయాయి. రెండో ప్లేయర్ కూడా అదే దారి పట్టాక ఇక కొనలేదు. పీసీకి బ్లూరే డ్రైవ్ తగిలించి, ఉన్న డిస్కులన్నీ ఒక్కొక్కటిగా 4 టీబీ హార్డ్ డిస్కులోకి దించాను. డిస్కు డబుల్ లేయర్, అంటే రెండు పొరలది, అయితే 50 జీబీ దాకా ఉంటుంది. నావి సగటున 35, 40 జీబీ వచ్చాయి. నా డిస్కులు, నా ఇంటి టీవీ, అంతవరకే. కాపీ ఇవ్వమని అడిగిన బంధువులకు డిస్కే ఇచ్చి పంపాను. తిరిగి రానివి రెండున్నాయి.

ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెప్పాలి. సింపుల్ మెనూలు రెండు రకాలు. ఒకటి చూసేటప్పుడు ప్లేయర్ చూపించేది. రెండోది బ్యాకప్ తీసేటప్పుడే అసలు మెనూ పీకేసి, బ్యాకప్ ప్రోగ్రాం తన సొంత చిన్న మెనూ అతికించేది. రెండోది చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, వెనక సినిమా బొమ్మ కూడా పెట్టుకోవచ్చు. మొదటి ఆరు డిస్కులు అలా దించాను. తర్వాత అసలు మెనూ కావలసి వచ్చినప్పుడు అది లేదు. ఐదు డిస్కులు మళ్లీ మొదటి నుంచి దించాను. ఆరోది అప్పటికి బంధువుల ఇంట్లో ఉంది, పైన లెక్కలో చెప్పిన రెండిట్లో అదొకటి. అప్పట్నుంచి డిస్కులో ఉన్న ఫోల్డరు మొత్తం, మెనూతో సహా, ఉన్నదున్నట్టు దించుతున్నాను. సింపుల్ చేసే పని చూసేటప్పుడే.

అలా చేశాక అనుకోని లాభాలు కలిసొచ్చాయి. మొదటిది, మధ్యలో ఆపిన సినిమా. తిరిగి పెట్టినప్పుడు కొన్ని డిస్కులు మళ్లీ మొదట్లో వచ్చే హెచ్చరికల దగ్గర్నుంచి మొదలవుతాయి, మెనూ జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసినవైతే మరీనూ. సింపుల్ మెనూలోంచి మొదలెట్టిన సినిమా ఆపిన చోటు గుర్తుంటుంది. రెండోది రీజియన్, అంటే డిస్కు ఏ దేశాల్లో ఆడాలో చెప్పే గుర్తు. మనది సీ, అమెరికాది ఏ. అక్కడున్న మా అక్క పంపిన డిస్కు పాత ప్లేయర్‌లో పెడితే ఇది మీ ప్రాంతానికి కాదని తెర మీద ఒక ముక్క చూపించి కూర్చునేది. ప్లేయర్ ఏ ప్రాంతానిదో అడిగేది డిస్కులో ఉన్న ప్రోగ్రామే. సింపుల్ మెనూ దాన్ని నిద్ర లేపకుండా నేరుగా సినిమా దగ్గరికి పోతుంది, కాబట్టి అడిగేవాడు లేడు.

ఇక అసలు కథ.

కిందటేడు వానాకాలంలో ఒక ఇంగ్లీషు థ్రిల్లర్ డిస్కు దించాను. నేను అంతకుముందే చూసిన సినిమా. నాన్న మధ్యాహ్నం చూశారు. రాత్రి అన్నాల దగ్గర "ఎలా ఉంది?" అన్నాను.

"బావుందిరా. కానీ చచ్చిపోయినోడు మళ్లీ వచ్చి కాఫీ తాగుతున్నాడేటి?"

"ఫ్లాష్‌బ్యాక్ ఏమో నాన్నా."

"నేనూ అదే అనుకున్నాను. కానీ వాడి శవానికి పోస్ట్‌మార్టం అయిపోయాక కారు కొన్నాడు."

నాకు తెలిసి ఆ సినిమాలో ఫ్లాష్‌బ్యాక్ ఒక్కటే, అది కూడా నిమిషం. ఆయన చెబుతున్న వరస వింటుంటే చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. హంతకుడు దొరికాక హత్య. హత్య అయ్యాక పరిచయం. పరిచయం అయ్యాక మళ్లీ అరెస్టు. మొదటి ఇరవై నిమిషాలు సరిగ్గానే ఉందట, అందుకే అనుమానం రాలేదు. ఇప్పటి సినిమాలన్నీ ముక్కలు ముక్కలుగా ముందూవెనకా చెబుతున్నారు కదా, ఇదీ అదే ఫ్యాషన్ అనుకుని రెండు గంటలు కదలకుండా చూశారు. వయసు మీద పడి తనకే అర్థం కావడం లేదేమోనని కూడా ఒక క్షణం అనుకున్నారట. ఆ మాట మటుకు నాకు గుచ్చుకుంది.

చెయ్యి కడుక్కుని ఫోల్డరు తెరిచాను. బ్లూరేలో సినిమా ఒకే ఫైలుగా ఉండాలని లేదు. ముక్కలు ఒక చోట ఉంటాయి, ఏ ముక్క తర్వాత ఏ ముక్క రావాలో చెప్పే ప్లేలిస్టు ఫైళ్లు ఇంకో చోట ఉంటాయి. మామూలు డిస్కులో అసలు సినిమా ప్లేలిస్టు ఒకటో రెండో ఉంటాయి. దీంట్లో వందలున్నాయి. అన్నీ ఒకే నిడివి, సెకన్లతో సహా. లోపల అవే ముక్కలు, వరసలు మాత్రం వేరు. ఒక్కటే సరైనది. మిగతావన్నీ కాపీ తీసేవాడిని తికమక పెట్టడానికి కావాలని పెట్టిన దొంగ ప్లేలిస్టులు. ఏది అసలుదో డిస్కు సొంత మెనూలోని జావా ప్రోగ్రాంకే తెలుసు. నేను అంతగా మెచ్చుకుంటూ వచ్చిన సింపుల్ మెనూ చేసే మొదటి పనే ఆ ప్రోగ్రాంని పక్కన పెట్టడం.

మరి మెయిన్ టైటిల్ ఏదో దానికెలా తెలుసు? తెలీదు. అన్నిట్లో పొడుగ్గా ఉన్నదే సినిమా అయ్యుంటుందని ఊహిస్తుంది, నాకు అర్థమైనంతలో. పొడుగు సమానమైతే ఏదో ఒకటి పట్టుకుంటుంది. వరసగా నలభై డిస్కులకు ఆ ఊహ సరిపోయింది కాబట్టి నేను దాన్ని తెలివి అనుకున్నాను. ప్రోగ్రాం పేరు చెప్పనిది ఇందుకే. ఇందులో దాని తప్పు కంటే డిస్కు చేసినవాళ్ల కొంటెతనం ఎక్కువ.

అసలుది పట్టుకోవడానికి ఆ రాత్రి పన్నెండయింది. పీసీలో జావా ఎక్కించి, డిస్కు సొంత మెనూ తెరిచి, దానిలోంచే ప్లే నొక్కి, ఏ నంబరు ప్లేలిస్టు నడుస్తోందో ప్లేయర్ లాగ్‌లో, అంటే అది చేసే పనులన్నీ రాసుకునే ఫైల్లో, వెతికాను. ఐదంకెల నంబరు దొరికింది. సింపుల్ మెనూలో అన్ని టైటిళ్లు నొక్కి ఆ వందల వరసలో దాన్ని వెతుక్కోమని నాన్నకి చెప్పలేను కదా. అందుకే ఆ ఒక్క ప్లేలిస్టునే ఎంకేవీ అనే మామూలు వీడియో ఫైలుగా తీసి పెట్టాను. క్వాలిటీ తగ్గదు, తీయడానికి కొద్ది నిమిషాలే. ఆ డిస్కుకి మాత్రం ఇప్పుడు ఏ మెనూ లేదు, సింపులూ లేదు, అసలుదీ లేదు. అసలు మెనూ నేను అప్పటికే పీకేసి ఉంటే ఆ నంబరు చెప్పేవాడే ఉండేవాడు కాదు.

మర్నాడు ఆదివారం, నాన్నని కూర్చోబెట్టి సరైన వరసలో వేశాను. మధ్యలో రెండుసార్లు "ఓహో" అన్నారు. అయిపోయాక మాత్రం, నిన్నటిదే బావుంది, దీంట్లో హంతకుడెవరో ముందే తెలిసిపోయింది అన్నారు. నిన్న చూశారు కాబట్టి తెలిసిందని చెప్పినా ఒప్పుకోలేదు.

ఫోన్లు ఆగాయని మొదట్లో రాశాను కదా, పూర్తిగా ఆగలేదు. సబ్‌టైటిల్స్ కోసం వస్తాయి. కొన్ని సినిమాల్లో పాత్రలు వేరే భాష మాట్లాడే చోట మాత్రం వచ్చే సబ్‌టైటిల్స్ ఉంటాయి. కొన్ని డిస్కుల్లో వాటిని ఆన్ చేసేది మెనూయే. దాన్ని దాటేస్తే అవి రావు. అక్కడ నాన్న ఆగి, ఫోన్ చేసి, "వీళ్లు ఏటంటున్నారు?" అని అడుగుతారు, మీటింగులో ఉన్న నాకు వినబడుతున్నట్టు.

అమ్మకైతే సింపుల్ మెనూ అంటేనే పడదు. మన డిస్కుల మెనూల్లో పాటల పేజీ ఒకటుంటుంది, పేర్లతో సహా. ఆవిడ సినిమా చూడదు, పాటలే చూస్తుంది. సింపుల్ మెనూలో అన్ని టైటిళ్లు నొక్కితే టైటిల్ 9, నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు, టైటిల్ 10, ఐదు నిమిషాల మూడు సెకన్లు అని వస్తాయి. "పాటకి పేరుంటాది గానీ నంబరుంటాదా?" అంటుంది. పాటలు విడి టైటిళ్లుగా లేని డిస్కుల్లో ఆ నంబర్లు కూడా ఉండవు, సినిమాలోనే చాప్టర్లుగా ఉంటాయి. ఆవిడ కోసం మూడో వరస, డిస్కు మెనూ, అలాగే ఉంచాను. ఆవిడకి ఆ తిరిగే బొమ్మలూ మ్యూజిక్కూ ఇష్టమే.

ఎవరికి పనికొస్తుందంటే, నాలా డిస్కులు ఎనభై లోపు ఉండి, ఇంట్లో పెద్దవాళ్లు చూసేవాళ్లయి, తేడా వస్తే రాత్రి కూర్చుని ప్లేలిస్టు నంబరు వెతికే ఓపిక ఉన్నవాళ్లకి. డిస్కు మెనూల పనితనం ఇష్టపడేవాళ్లకి, ఎక్స్‌ట్రాలన్నీ వరసగా చూసేవాళ్లకి నేను చెప్పను. కొత్త డిస్కు దించిన ప్రతిసారీ ఇప్పుడు మెయిన్ టైటిల్ నొక్కి, మొదలు, మధ్య, చివర తలా రెండు నిమిషాలు చూశాకే నాన్నకి ఇస్తున్నాను. తిక్క డిస్కులు ఇప్పటికి నాలుగు తేలాయి. వాటి పేర్లు, పక్కన ప్లేలిస్టు నంబర్లు, నాన్న తన చేతిరాతతో ఒక కాగితం మీద రాసి టీవీ స్టాండు తలుపు లోపల అతికించారు. ఆ థ్రిల్లర్ పేరు ఎదురుగా నంబర్లు రెండున్నాయి, రెండోది తప్పుది. అది కూడా ఉంచమన్నారు.