రోచెస్టర్ రైనోసా, రిచ్‌మండ్ కికర్సా: ఏది మేలు?

అమెరికాలో సాకర్ క్లబ్బు ఎంత బాగా ఆడినా పై లీగులోకి వెళ్లదు. ఇంగ్లండ్‌లో అయితే పట్టికలో పైనున్నవాళ్లు ఎక్కుతారు, అడుగునున్నవాళ్లు దిగుతారు. ఇక్కడ ఆ లెక్క లేదు. పై మెట్టయిన ఎంఎల్ఎస్‌లో (మేజర్ లీగ్ సాకర్) అడుగుపెట్టాలంటే చెక్కు రాయాలి. 2007లో చేరిన టొరొంటో కోటి డాలర్లు కట్టింది. 2025లో దిగిన శాన్ డియేగో 50 కోట్లు కట్టింది. మరి కింది లీగుల్లో ఉన్న చిన్న క్లబ్బు ఏం చేయాలి? ఎలాగైనా పైకి పోవాలని పెద్ద ఖర్చుకు దిగాలా, మంచమున్నంత మేరకే కాళ్లు చాపుకోవాలా?

ఈ రెండు దారుల్లోనూ నడిచి చూపించిన ఊళ్లు రెండున్నాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ ఒకటి, వర్జీనియాలోని రిచ్‌మండ్ ఇంకొకటి. ఇంచుమించు ఒకే పాటి ఊళ్లు. చుట్టుపక్కలంతా కలిపితే పది లక్షల పైచిలుకు జనం. ఏ ఆటలోనూ పెద్ద లీగు జట్టు రెండింటికీ లేదు.

రోచెస్టర్ రైనోస్ 1996లో మొదలైంది. తొలి ఏడాదే యూఎస్ ఓపెన్ కప్ ఫైనల్‌కు పోయి డీసీ యునైటెడ్ చేతిలో 3-0తో ఓడింది. ఓపెన్ కప్ అంటే పెద్దా చిన్నా తేడా లేకుండా జట్లన్నీ తలపడే నాకౌట్ టోర్నీ. 1914 నుంచీ ఉంది. రైనోస్ ఆడేది ఫ్రంటియర్ ఫీల్డ్ అనే బేస్‌బాల్ స్టేడియంలో. మైదానం ఆకారం సాకర్‌కి కుదరదు, పైగా వేరే జట్టుతో పంచుకోవాలి. అయినా సగటున పదివేల మందికి పైగా వచ్చేవారు. ఆ రోజుల్లో కొన్ని ఎంఎల్ఎస్ జట్లకే అంత జనం లేరు.

ఇక 1999. ఓపెన్ కప్‌లో చికాగో ఫైర్‌ను, డాలస్ బర్న్‌ను, సెమీస్‌లో కొలంబస్ క్రూను ఓడించారు. సెప్టెంబరులో కొలంబస్‌లో జరిగిన ఫైనల్లో కొలరాడో రాపిడ్స్ ఎదురైంది. డగ్ మిల్లర్ ఒక గోల్, యారీ ఆల్‌నట్ ఒక గోల్ కొట్టారు. 2-0. ఒకే టోర్నీలో వరసగా నాలుగు ఎంఎల్ఎస్ జట్లకు ఇంటిదారి చూపించారన్నమాట. ఎంఎల్ఎస్ మొదలయ్యాక ఈ కప్పు ఎత్తిన కింది లీగు క్లబ్బు ఇప్పటికీ ఇదొక్కటే. 2008లో చార్ల్‌స్టన్, 2022లో శాక్రమెంటో ఫైనల్ దాకా వచ్చి ఆగిపోయాయి. 1998, 2000, 2001ల్లో తమ సొంత లీగు, అంటే అప్పట్లో ఎంఎల్ఎస్ కింది మెట్టయిన ఏ-లీగ్ టైటిళ్లు కూడా రైనోస్‌వే.

ఇన్ని గెలిచాక ఎంఎల్ఎస్ మీద ఆశ పుట్టకపోతేనే వింత. దానికి సొంత స్టేడియం కావాలి. 2006లో పేటెక్ పార్క్ తెరిచారు. 13 వేల పైచిలుకు సీట్లు, రేపు ఎంఎల్ఎస్ పిలిస్తే ఇంకా పెంచుకునేలా ప్లాన్. రాష్ట్ర ప్రభుత్వ సొమ్ము కూడా అందులో పడింది. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అని మనవాళ్లు ఊరికే అనలేదు. రెండేళ్లు తిరక్కుండానే, 2008 మొదట్లో, అప్పుల భారంతో పాత యాజమాన్యం చేతులెత్తేసింది. తర్వాత యజమానులు మారారు, స్టేడియం పేరు ఎన్నిసార్లు మారిందో లెక్కపెట్టడం కష్టం, ఎంఎల్ఎస్ పిలుపు మాత్రం రాలేదు.

ఆట పాడవలేదు, అదే విచిత్రం. 2015లో లీగు దశ మొత్తంలో ఒక్క మ్యాచే ఓడి, ఫైనల్లో ఎల్ఏ గెలాక్సీ రెండో జట్టును ఎక్స్‌ట్రా టైమ్‌లో కొట్టి తామాడే యూఎస్ఎల్ లీగు టైటిల్ పట్టుకుపోయారు. 2017 ముగిసేసరికి క్లబ్బుకు తాళం పడింది. అదే స్టేడియంలో ఆడే మహిళల జట్టు వెస్టర్న్ న్యూయార్క్ ఫ్లాష్ 2016లో జాతీయ లీగు గెలిచింది. కొన్ని నెలలకే దాన్ని అమ్మేసి నార్త్ కరోలినాకు తరలించారు. ట్రోఫీ గెలిస్తే క్లబ్బు నిలబడుతుందనే భ్రమ ఎవరికైనా ఉంటే రోచెస్టర్ చరిత్ర చదివితే చాలు. (మనకు అంత దూరం పోనక్కర్లేదు. 2022లో ఐఎస్ఎల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ తర్వాత జీతాల బకాయిలతోనే ఎక్కువగా వార్తల్లోకెక్కింది.)

2021లో ఇంగ్లండ్ క్లబ్బు లెస్టర్ సిటీ స్టార్ జేమీ వార్డీ రైనోస్‌లో వాటా తీసుకున్నాడంటే మళ్లీ హడావుడి. పేరు రోచెస్టర్ న్యూయార్క్ ఎఫ్‌సీ అయింది. 2022లో ఎంఎల్ఎస్ నెక్స్ట్ ప్రోలో ఆడారు. ఆ లీగులో ఉండేవి దాదాపు అన్నీ ఎంఎల్ఎస్ క్లబ్బుల రెండో జట్లే. ఒకప్పుడు అసలు జట్లను మట్టికరిపించిన క్లబ్బు ఇలా వాళ్ల రిజర్వు కుర్రాళ్లతో ఒక్క సీజన్ ఆడి, 2023 మార్చిలో పూర్తిగా మూతపడింది.

రిచ్‌మండ్ కథలో ఇంత మసాలా లేదు. కికర్స్ పుట్టింది 1993లో. 1995లో వాళ్లూ ఓపెన్ కప్ గెలిచారు. ఎల్ పాసోతో 1-1 అయ్యాక పెనాల్టీల్లో బయటపడ్డారు. అప్పటికి ఎంఎల్ఎస్ ఇంకా మొదలవలేదు కాబట్టి దాన్ని 1999 గెలుపు పక్కన పెట్టలేం. 2011లో కొలంబస్‌ను, స్పోర్టింగ్ కాన్సస్ సిటీని ఓడించి సెమీస్ చేరడమే వాళ్ల అసలైన సంచలనం.

కికర్స్ చేసిన పెద్ద పని మైదానంలో కాదు, కాగితం మీద. 2006లో తమంతట తామే రెండో డివిజన్ (ఎంఎల్ఎస్ కింది మెట్టు) నుంచి మూడోదానికి దిగారు. దిగిన ఏడాదే ఆ లీగు గెలిచారు. తర్వాత వాళ్ల లీగుకే రెండో డివిజన్ హోదా వచ్చింది. అక్కడ 2018లో జట్టు దాదాపు అడుగున తేలింది. 2019లో మళ్లీ తమంతట తామే మూడో డివిజన్‌కు, యూఎస్ఎల్ లీగ్ వన్‌కు దిగారు. రెండో డివిజన్‌లో ప్రధాన యజమాని ఆస్తి కనీసం 2 కోట్ల డాలర్లు ఉండాలని నిబంధన. మూడో దానికి కోటి చాలు. ఆ సమయంలోనే క్లబ్బు మాజీ ఆటగాడు రాబ్ యూక్రాప్ బృందం చేతికొచ్చింది. అర్జెంటీనా నుంచి ఎమిలియానో టెర్జాగిని తెచ్చారు. అతను 2020, 2021, 2022ల్లో వరసగా మూడుసార్లు లీగు ఉత్తమ ఆటగాడయ్యాడు. 2022లో లీగు దశలో మొదటి స్థానం కికర్స్‌దే.

స్టేడియం? 1929లో కట్టిన సిటీ స్టేడియం. 1995 నుంచీ అక్కడే. ఇరవై వేల పైచిలుకు పట్టే పాత కట్టడంలో ఐదారు వేలమంది కూర్చుంటే టీవీలో వెలితిగానే కనిపిస్తుంది, ఒప్పుకోవాల్సిందే. కానీ దాన్ని కట్టడానికి కికర్స్ అప్పు చేయలేదు. ఊళ్లో కికర్స్ పేరుతోనే నడిచే యూత్ క్లబ్ ఉంది. రిచ్‌మండ్ శివార్లలో తెలుగు కుటుంబాలు కూడా బాగానే ఉన్నాయి. పిల్లల్ని శనివారం ప్రాక్టీసుకు దింపే తల్లిదండ్రులకు, ప్రొ జట్టు ఏ డివిజన్‌లో ఉందో తెలియకపోయినా క్లబ్బు పేరు తెలుస్తుంది.

ఏది మేలు అంటే నా ఓటు రిచ్‌మండ్‌కే. రోచెస్టర్ ఆశపడటం తప్పని మాత్రం అనను. కప్పు గెలిచింది పరాయి బేస్‌బాల్ స్టేడియంలో ఆడుతున్నప్పుడే. మ్యాచ్‌లు గెలవడానికి కావలసినవన్నీ అప్పటికే ఉన్నాయి. మునిగింది ఎంఎల్ఎస్ పిలుస్తుందన్న నమ్మకంతో పెట్టిన ఖర్చు దగ్గర. పిలవాలా వద్దా అన్నది రోచెస్టర్ చేతుల్లో లేని సంగతి. అలాగని 1999 చూసిన రోచెస్టర్ అభిమానిని అడిగితే ముప్పై ఏళ్ల కుదురు కన్నా ఆ ఒక్క సీజనే కావాలంటాడేమో. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

మూడో దారి కూడా ఒకటుంది. డెట్రాయిట్ సిటీ ఎఫ్‌సీని 2012లో ఐదుగురు స్నేహితులు మొదలుపెట్టారు. డెట్రాయిట్‌ను ఆనుకుని ఉన్న హామ్‌ట్రామిక్‌లో 1936 నాటి కీవర్త్ స్టేడియాన్ని బాగుచేయడానికి జనం దగ్గరే దాదాపు 7.4 లక్షల డాలర్ల అప్పు పుట్టించారు. 2016లో అది తెరిస్తే తొలి మ్యాచ్‌కే 7 వేల మంది పైన వచ్చారు. 2020లో అభిమానులకు చిన్న వాటాలు అమ్మారు, 2022లో రెండో డివిజన్‌లో చేరారు. అదే ఏడాది ఓపెన్ కప్‌లో కొలంబస్‌ను ఓడించారు. అప్పిచ్చినవాడే గ్యాలరీలో నిలబడి అరుస్తుంటే క్లబ్బును మూసేయడం అంత తేలిక కాదు. ఇంతవరకు నాకు ఇదే అన్నింటికన్నా నచ్చిన పద్ధతి. ఇప్పుడు వాళ్లు కూడా దాదాపు 15 వేల సీట్ల కొత్త స్టేడియం కడతామంటున్నారు. రోచెస్టర్ సంగతి తెలిసినవాళ్లకు కాస్త టెన్షనే.

కింది లీగులు నడిపే యూఎస్ఎల్ 2028 నుంచి తన మూడు డివిజన్ల మధ్య ఎక్కడం దిగడం పెడతానంటోంది. అదే జరిగితే రిచ్‌మండ్‌కు మొదటిసారి గెలుపుతో పైకి పోయే దారి దొరుకుతుంది. అప్పుడు యజమాని ఆస్తి నిబంధన సడలిస్తారా లేదా అన్నదే అసలు ప్రశ్న.